అకాల పఠనం కేసు

జోషిక చదివేసిందన్న వార్త ఆ ఇంటి అరుగు మీద నుంచి మండలి ఆఫీసుకి పదకొండు నిమిషాల్లో చేరింది. సైకిలు మీద వెళ్ళినా పావుగంట పట్టే దూరం అది. మండలి తరఫున ఇళ్ళు తనిఖీ చేసే ధ్వనిమిత్ర సుగుణ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది మరి.

జరిగింది చిన్న విషయమే. సుగుణ వారం వారం వచ్చినట్టే ఆ మంగళవారం కూడా తనిఖీకి వచ్చి అరుగు మీద కూర్చుంది. మంచినీళ్ళు తేవడానికి జోషిక తల్లి కనకవల్లి లోపలికి వెళ్ళింది. సుగుణ ఒళ్ళో ఫైలు, ఫైలు ఎదురుగా అయిదున్నరేళ్ళ జోషిక. పిల్ల తల పక్కకి వంచి, అట్ట మీద ఎర్ర సిరాతో రాసి ఉన్నదాన్ని కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"గో... ప్యం. గోప్యం. ఈ... ఇంటి... వారికి... చూప... రాదు." తర్వాత సుగుణ మొహంలోకి చూసి, "మరి మా ఇంటికెందుకు తెచ్చారాంటీ?" అని అడిగింది.

గ్లాసుతో బయటికి వచ్చిన కనకవల్లికి వీధి మలుపు తిరుగుతున్న సుగుణ జడ మాత్రమే కనిపించింది.

పిల్ల చదివితే ఇంత పరుగెందుకని బయటి ఊళ్ళవాళ్ళకి అనిపించవచ్చు. అన్నంపేటలో అప్పుడు 'ఇంటింటా ధ్వని' పథకం తొమ్మిదో వారం నడుస్తోంది. పైస్థాయి అధికారి ఒకాయన విదేశం వెళ్ళి, అక్కడి తల్లులు పిల్లలకి ముందు అక్షరాల పేర్లు కాకుండా వాటి శబ్దాలు నేర్పి, శబ్దాలు కలిపి మాటలు చదివించడం చూసి ముచ్చటపడి వచ్చారు. మంచి ఆలోచనే. మంచి ఆలోచన గనకే దాన్ని అలా గాలికి వదిలెయ్యకూడదని పఠన ప్రారంభ మండలి అని ఒకటి పెట్టి, రెండంతస్తుల భవనం, జీపు, పద్దెనిమిది మంది సిబ్బందినీ ఇచ్చారు. నలభై నాలుగు ధ్వనులు, నలభై నాలుగు వారాలు. వారానికి ఒక ధ్వని. ఆ ధ్వనిని ఇంటిల్లిపాదీ పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు పలకాలి. పిల్లలు మాటలు చదవడం నలభై అయిదో వారం సోమవారం ఉదయం పది గంటలకి మొదలవుతుంది. ఆ నలభై నాలుగూ ఇంగ్లీషు ధ్వనులు కదా, తెలుగుకి సరిపోతాయా అని ఎవరో అడిగితే, సరిపెట్టవలసిందిగా తెలుగుకి ఉత్తర్వులు వెళ్ళాయి.

మొదటి వారం 'స్' కావడంతో ఊరంతా పాములు తిరుగుతున్నట్టు ఉండేది. మూడో వారం 'మ్' వచ్చినప్పుడు గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. ఆ 'మ్' వారంలోనే ఎదురింటి వాళ్ళ కుక్కరు 'స్స్' అని కూత వేసిందని, గడువు తీరిన ధ్వనిని ఇంట్లో వినిపించినందుకు ఆ ఇంటికి సంజాయిషీ నోటీసు వచ్చింది.

కనకవల్లికి ఇవన్నీ కొత్త. కానీ శబ్దాలు కలిపి చదివించడం కొత్త కాదు. ఆమె బస్సు కండక్టరు. తను పదో తరగతి దాకా బట్టీ పట్టి నెట్టుకొచ్చిన మనిషి. కూతురికి ఆ తిప్పలు వద్దనుకుంది. పథకం పుట్టకముందే, బస్టాండులో డ్యూటీ మారే అరగంటలో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వచ్చే బస్సుకీ పోయే బస్సుకీ ముందున్న బోర్డు చూపించి ఒక్కో అక్షరం ఎలా పలుకుతుందో చెప్పేది. 'తు' అని ఒకటి, 'ని' అని ఒకటి. రెండూ దగ్గరికి తెస్తే తుని. ఆ రోజు జోషిక బస్సుని చూసి చప్పట్లు కొట్టింది. మూడు నెలలయ్యేసరికి డిపోలో ఏ బస్సు ఎక్కడికెళుతుందో డ్రైవర్లకి అదే చెప్పేది.

మర్నాడు మండలి నుంచి కబురొచ్చింది.

పర్యవేక్షణాధికారి దివాకరం గారి గదిలో గోడ పొడవునా నలభై నాలుగు గళ్ళ పట్టిక వేలాడుతోంది. తొమ్మిది గళ్ళకి ఆకుపచ్చ రంగు వేశారు. ఆయన జోషికని గది బయట గోడవైపు తిప్పి కూర్చోబెట్టించారు. గోడ మీద రాతలేమీ లేవని ముందే తనిఖీ చేయించారట.

"శిశువు యొక్క ప్రస్తుత పఠన స్థితి పథకపు కాలపట్టికకు విరుద్ధంగా ఉన్నట్లు ప్రాథమికంగా నిర్ధారణ అయినది," అన్నారాయన కాగితం చూడకుండానే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన మాట్లాడే భాష కూడా ఆఫీసు కాపీలాగే తయారైంది.

"చదివితే తప్పేంటండీ?" అంది కనకవల్లి.

"చదవడం తప్పు కాదమ్మా. ముప్ఫై ఆరు వారాల ముందు చదవడం తప్పు. దీన్ని అకాల పఠనం అంటాం."

తర్వాత ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పుకొచ్చారు. పథకం గొప్పదని తేలాలంటే పిల్లలు సున్నా దగ్గర మొదలవ్వాలి. ఏమీ రాని పిల్లలకి నలభై నాలుగు వారాల్లో చదువొచ్చిందని నివేదిక వెళ్ళాలి. ముందే వచ్చేసిన పిల్లకి మండలి ఏం నేర్పినట్టు? అందుకని ఈ ఏడు ఒకటో తరగతిలో చేరే ప్రతి బిడ్డా శూన్య పఠన ధ్రువపత్రం తేవాలి. మే ఆఖరి శనివారం పరీక్ష. ఏమీ చదవలేకపోతే పాసు. చదివితే ఆ బిడ్డ సీటు రద్దయి, ఇంకో ఏడాది అంగన్‌వాడీలోనే ఉండాలి.

కనకవల్లికి బడి బీరువా గుర్తొచ్చింది. వీధి చివరి బడిలో ఒకటో తరగతి గదికి ఒక చెక్క బీరువా ఉంది. దాన్నిండా బొమ్మల కథల పుస్తకాలు. ఒకటో తరగతి పిల్లలయితే వారానికొకటి ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ బీరువా అద్దానికి ముక్కు ఆనించి జోషిక కిందటి ఏడాదంతా ఎదురుచూసింది. అట్టల మీద పేర్లన్నీ దానికి వచ్చు. లోపలేముందో తెలియాలి, అంతే.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"మూడు వారాలు వ్యవధి ఉన్నది. పఠన విరమణ చేయించండి. మా సిబ్బంది సహకరిస్తారు."

సిబ్బంది ఆ సాయంత్రమే నలుగురు వచ్చి సహకరించారు. గోధుమరంగు కాగితం చుట్టలు, జిగురు డబ్బా తెచ్చుకుని ఇంట్లో అక్షరం ఉన్న ప్రతి వస్తువుకీ కాగితం అంటించారు. క్యాలెండరు, బియ్యం బస్తా, సబ్బులు, కొబ్బరినూనె సీసా, దేవుడి పటం కింద పేరు, కనకవల్లి భర్త నూకరాజు చొక్కా జేబు మీద అతను పనిచేసే ఎలక్ట్రికల్ షాపు పేరు. పప్పుల డబ్బాలన్నీ ఒక్కలాగే అయిపోయాయి. మర్నాడు పొద్దున నూకరాజు భార్య డ్యూటీకి వెళ్ళాక తనే టీ పెట్టుకున్నాడు. సగం గ్లాసు తాగాక గాని అది శీకాయ పొడి అని తెలుసుకోలేకపోయాడు. ఈ మాట భార్యకి చెప్పకుండా ఉంటే బాగుండేది. రోజూ తను పెట్టే టీ అంత ఘోరంగా ఉంటుందా అని ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

"నేర్చుకోడానికే మూడు నెలలు పట్టింది దానికి," అన్నాడు నూకరాజు నోరు కడుక్కుంటూ. "మర్చిపోడానికి మూడు వారాలంటాడేంటా పెద్దమనిషి. ఫ్యూజు పీకెయ్యడం అనుకున్నాడా?"

సెలవులు కాబట్టి పిల్ల తల్లితోపాటు బస్సులోనే తిరిగేది. అది మండలి చెవిన పడింది. అకాల పఠిత ప్రయాణించు వాహనమునందు లిఖిత సామగ్రి ప్రదర్శించరాదని డిపోకి లేఖ వెళ్ళింది. బస్సు ముందు బోర్డుకి దుప్పటి కట్టారు. తుని వెళ్ళాల్సిన మగపెళ్ళివారు ఆ బస్సెక్కి ఏలేశ్వరంలో దిగి, అక్కడ ఎవరిదో పెళ్ళిలో భోంచేసి, వంకాయ కూర బాగుందని మెచ్చుకుని, పెళ్ళికూతురు మారిందేమిటని అప్పుడు అడిగారట.

ఇంట్లో కనకవల్లి అసలు పని మొదలుపెట్టింది. తను నేర్పిందే తను చెరపాలి. చాక్‌పీసుతో పలక మీద ఒక మాట రాసి చూపించేది. పిల్ల 'తెలీదండి' అనాలి. అంతే పాఠం. మొదటి రోజు జోషికకి అది ఆటలా ఉంది. 'ఆవు' చూపిస్తే పకపకా నవ్వుతూ, "ఆవు, తెలీదండి" అంది. 'చీమ' చూపిస్తే చీమ కూడా తెలీదంది. మూడో రోజుకి నవ్వు పోయింది. ఆరో రోజున పలక చూడగానే కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. కళ్ళు తెరవమని తల్లి కసిరింది.

"నేనేం చెయ్యట్లేదమ్మా," అంది పిల్ల ఏడుపు గొంతుతో. "చూస్తే కళ్ళే చదివేస్తున్నాయి."

కనకవల్లి పలక పక్కన పడేసి పిల్లని దగ్గరికి లాక్కుంది. చదవొద్దు, కళ్ళు చదివినా నోరు చెప్పకపోతే చాలు అని బుజ్జగించింది. ఎవరడిగినా, ఎక్కడ అడిగినా, నువ్వు చదవడం రాని పిల్లవి. గుర్తుంచుకో. చదవడం రాని పిల్లలు ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి. బీరువాలో పుస్తకాలు కావాలా వద్దా?

కావాలని పిల్ల తలూపింది. తర్వాత, సున్నా రావడం మంచిదేనా అని అడిగింది. వాళ్ళకి మంచిదే అంది తల్లి.

పరీక్ష రోజు బడి హాల్లో నూట పధ్నాలుగు మంది పిల్లల్ని వరసగా నిలబెట్టారు. తల్లిదండ్రుల్ని కిటికీల బయట ఉంచారు. హాల్లో పిల్లలకి ఎదురుగా రెండు గుమ్మాలు. కుడి గుమ్మంలోంచి చూస్తే ఆటస్థలం, అందులో కొత్తగా పెట్టిన ఉయ్యాలలు. ఎడమ గుమ్మంలోంచి చూస్తే స్టోర్‌రూము, అందులో ఒక బల్ల వెనక కూర్చున్న గుమాస్తా.

పరీక్షకి మండలి ఒక కట్టుదిట్టం చేసింది. అది పన్నెండో వారం. ఆ వారం ధ్వని తప్ప మరో ధ్వని పిల్లల చెవిన పడితే పరీక్ష కలుషితమవుతుంది. కాబట్టి హాల్లో ఉన్నంతసేపూ అధికారులెవరూ నోరు విప్పకూడదు. సూచనలన్నీ రాతలోనే ఇవ్వాలి. రెండు గుమ్మాల మధ్య గోడ మీద పెద్ద బోర్డు పెట్టారు. 'చదవడం వచ్చినవారు కుడి గుమ్మం గుండా వెళ్ళవలెను. చదవడం రానివారు ఎడమ గుమ్మం గుండా వెళ్ళవలెను.'

తలుపులు మూసే ముందు హెడ్మిస్ట్రెస్ సెలీనా టీచర్ ఆ బోర్డు రెండుసార్లు చదువుకుని దివాకరం గారి దగ్గరికి వచ్చింది. కిటికీ పక్కనే ఉన్న కనకవల్లికి వాళ్ళ మాటలు వినిపించాయి.

"సార్, చదవడం రానివాళ్ళు ఇది ఎలా చదువుతారండీ?"

దివాకరం గారు జాలిగా చూశారు. "అది పిల్లలు చదవడానికి కాదు టీచర్‌గారూ. సూచనలు ప్రదర్శించబడినవా లేదా అని ప్రొఫార్మాలో పధ్నాలుగో కాలమ్ ఉన్నది. ప్రదర్శించబడినవి."

తొమ్మిదిన్నరకి ఆయన చెయ్యి ఊపారు. పరీక్ష మొదలైంది.

మొదట ఎవరూ కదల్లేదు. పిల్లలు అధికారుల వైపు చూశారు. అధికారులు బోర్డు వైపు చూపించారు. పిల్లలు బోర్డు వైపు చూసి, అందులో బొమ్మలేమీ లేకపోయేసరికి పక్కకి చూశారు. పక్కన ఉయ్యాలలు కనిపించాయి. ముందు వరసలోని రెండు జడల పిల్ల ఒకతి పరుగందుకుంది. దాని వెనక పదిమంది, వాళ్ళ వెనక అందరూ. దివాకరం గారు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. పిల్లలూ సంతోషంగా ఆయనకి చేతులూపుతూ కుడి గుమ్మంలోంచి వెళ్ళిపోయారు. ఒక గుమాస్తా అడ్డుపడబోయి, నోరు తెరవబోయి, నిబంధన గుర్తొచ్చి అరచేత్తో నోరు మూసుకున్నాడు. గుమ్మం దగ్గరి రిజిస్టరులో ఒక్కో పేరుకి ఎదురుగా 'పఠిత' అని ముద్ర పడుతూనే ఉంది. దాన్ని ఆపమనడానికి కూడా మాట కావాలి.

హాల్లో జోషిక ఒక్కతే మిగిలింది.

అది బోర్డు వైపు చూస్తోంది. పెదవులు మెల్లిగా కదులుతున్నాయి. కనకవల్లి కిటికీ ఊచలకి మొహం ఆనించింది. చదువుతోంది. అందరి ముందూ చదివేస్తోంది. దివాకరం గారి చూపు కూడా ఆ పెదవుల మీదే ఉంది. అయిపోయింది, బీరువా అయిపోయింది, ఏడాది అయిపోయింది అనుకుంది కనకవల్లి. పిల్ల ఒకసారి ఉయ్యాలల వైపు ఆశగా చూసింది. తర్వాత తల్లి చెప్పిన మాట తలుచుకుందేమో, చదవడం రాని పిల్లలు వెళ్ళాల్సిన ఎడమ గుమ్మంలోంచి బుద్ధిగా నడిచి స్టోర్‌రూములోకి వెళ్ళిపోయింది.

పొద్దుటి నుంచీ ఖాళీగా కూర్చున్న గుమాస్తా దానికి ఎంతో మర్యాదగా శూన్య పఠన ధ్రువపత్రం అందించాడు.

ఆ మధ్యాహ్నం మండలిలో ఎవరూ అన్నం తినలేదు. నూట పధ్నాలుగు మందిలో సున్నా వచ్చింది ఒక్క పిల్లకి. మిగతా నూట పదమూడు మందీ పన్నెండో వారానికే చదువరులని రిజిస్టరు చెబుతోంది. రిజిస్టరు దిద్దడానికి వీల్లేదు, ముద్ర పడిపోయింది. నూట పదమూడు అకాల పఠనం కేసులు పెట్టాలంటే ఫారాలు సరిపోవు. సాయంత్రం పైఆఫీసు నుంచి ఫోను వచ్చేదాకా దివాకరం గారు సెలవు చీటీ రాసి జేబులో పెట్టుకుని తిరిగారు.

ఫోనులో అభినందనలు వచ్చాయి. ఒక్కరు ముందే చదివితే అది ఉల్లంఘన. నూట పదమూడు మంది చదివితే అది ఘనవిజయం. నలభై నాలుగు వారాల పనిని పన్నెండు వారాల్లో సాధించిన ఏకైక ఊరు అన్నంపేట అని పత్రికా ప్రకటన వెళ్ళింది. దివాకరం గారికి శాలువా కప్పారు. చదువొచ్చిన పిల్లల్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం వాళ్ళ ప్రతిభకి అవమానమని నూట పదమూడు మందినీ నేరుగా మూడో తరగతికి పంపారు. వాళ్ళకి మళ్ళీ అక్షరాలు గాని ధ్వనులు గాని నేర్పడం నిషిద్ధం. నేర్పితే ధ్రువపత్రాన్ని శంకించినట్టు అవుతుంది.

జూన్‌లో బడి తెరిచారు. ఒకటో తరగతిలో జోషిక ఒక్కతే. బీరువా మొత్తం దానిదే. వారానికొక పుస్తకమనే నియమం ఒక్క పిల్లకి ఎందుకని సెలీనా టీచర్ తాళంచెవి దానికే ఇచ్చేసింది. మండలిలోని పద్దెనిమిది మంది సిబ్బందికీ ఊళ్ళో చదువురాని బిడ్డ ఒక్కతే మిగలడంతో, వంతుల వారీగా రోజుకి ముగ్గురు కనకవల్లి ఇంటికొచ్చి ఆ వారం ధ్వనిని పిల్ల ముందు ఇరవైసార్లు పలికి, పురోగతి లేదని రాసుకుని వెళ్ళేవారు. జోషిక వాళ్ళ మొహాలు చూస్తూ ఓపిగ్గా కూర్చునేది. వాళ్ళు వెళ్ళాక పుస్తకం తీసేది.

జూలై మొదటి వారం నుంచీ ఆ ఇంటి పెరటి గుమ్మం దగ్గర చెప్పులు పెరిగాయి. మొదట ఎదురింటి పిల్ల వచ్చింది. మూడో తరగతి పాఠం ముందేసుకుని అర్థంకాక ఏడుస్తుంటే వాళ్ళమ్మ కొంగు చాటున తీసుకొచ్చింది. తర్వాత ఇద్దరు, తర్వాత తొమ్మిది మంది. అందరూ మూడో తరగతే, అందరూ ధ్రువీకరించబడ్డ చదువరులే. ఒకటో తరగతి జోషిక పలక పట్టుకుని వాళ్ళకి ఒక్కో శబ్దం పలికి, రెండు కలిపి, మాట చేసి చూపించేది. కనకవల్లి డ్యూటీ లేని పూటల్లో తనూ కూర్చునేది.

ఒక ఆదివారం పొద్దున దివాకరం గారు జీపు లేకుండా నడిచి వచ్చారు. లుంగీ మీద ఉన్నారు. ఆయన వేలు పట్టుకుని రెండు జడల పిల్ల ఒకతి. కనకవల్లి గుర్తుపట్టింది. ఉయ్యాలల వైపు మొదట పరిగెత్తింది అదే.

తనిఖీకి వచ్చారా అని ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది. కాదన్నారాయన. ఆఫీసు భాష దొరకలేదు కాబోలు, మామూలు మనిషిలా మాట్లాడారు. ఇది మా మనవరాలమ్మా, వర్షిణి. మూడో తరగతిలో వేసేశాం. పేరు కూడా రాయలేకపోతోంది. నేను నేర్పుదామంటే నా ఇంటి మీద నా వాళ్ళదే తనిఖీ. మీ ఇంట్లోనయితే చదువురాని బిడ్డకి ధ్వనులు పలకడానికి అధికారికంగా అనుమతి ఉంది. ఆ ధ్వనుల్లో ఇదీ ఓ పక్కన కూర్చుంటే...

కనకవల్లి తప్పుకుంది. వర్షిణి లోపలికి పరిగెత్తింది. కాసేపటికి పెరట్లోంచి జోషిక గొంతు, దాని వెనక పదిమంది గొంతులూ వినిపించాయి. దివాకరం గారు గుమ్మంలోనే నిలబడి వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూశారు, సిబ్బంది ఎవరైనా వస్తున్నారేమోనని. తర్వాత సంచీలోంచి ఆ వారం ప్రొఫార్మా తీసి, అరుగు మీద పెట్టి, జోషిక పేరుకి ఎదురుగా పురోగతి కాలమ్‌లో 'లేదు' అని రాశారు. దాని కింద రెండుసార్లు గీత గీశారు.

సంతకానికి కాగితం అందిస్తూ ఆయన గొంతు తగ్గించారు.

"ఈ పిల్లకి చదువొచ్చిందని తేలితే మండలి మూసేస్తారమ్మా. నన్ను ఎక్కడికో బదిలీ చేస్తారు, ఈ పాఠమూ ఆగిపోతుంది. మీకు దండం పెడతాను. ఈ ఏడాదంతా మీ అమ్మాయికి చదువు రాకుండా చూసుకోండి."

కనకవల్లి కాగితం మీద సంతకం పెట్టి తిరిగిచ్చింది.

"మీరు దిగులు పెట్టుకోకండి సార్," అంది. "మీ వాళ్ళు నేర్పుతున్నట్టే నేర్పుతూ ఉండమనండి. దానికెలా వస్తుంది?"